నూనె తాగిన రాయి

చిత్తూరు బజారువీధి ఇనపకొట్లో
నూటెనభై రూపాయలకు కొన్నా సానరాయిని.
ఒకపక్క గరుకు, ఇంకోపక్క నునుపు.
కొట్టాయన పాత పేపర్లో చుడతా చెప్పినాడు:
"ఎండురాయి మీద నూరద్దు నాయనా,
రాయి నోరు మూసుకుంటుంది."

ఏం పొయ్యాలో మాత్రం చెప్పలా.

ఆషాఢం. తవణంపల్లి పక్కన నర్సరీలో
మామిడి టెంకమొలకలు రాగిరంగు ఆకులతో
సంచుల్లో బారుగా నిలబడుండే కాలం.
అంటుకత్తి ఒక్క లాగుడుకే తెగాల.
రెండో లాగుడు పడిందా,
ఆ కోతలో గాలి కాపురం పెడుతుంది.

ఇంట్లో ఉండేదంతా పోసి చూసినా.
ఆముదం పోస్తే కత్తి జారిందే గానీ రాయిని తాకలా,
అడుసులో ఎద్దు మాదిరి.
కొబ్బరినూనె వాసన బాగుండె,
మూడోనాటికి జిడ్డు అట్టకట్టి కూచునె.
సీమనూనె చురుగ్గా నడిచింది,
నా వేళ్ళసందులు పగిలినాయి.
కడాకు మా వదిన కుట్టుమిషను బుడ్డి,
సన్న మూతి, నీళ్ళంత పల్చన.
రాయి గొంతే మారిపొయ్యె!
గరగర పోయి, గుసగుస.
ముంజేతి మీద పెట్టి చూసుకుంటే
వెంట్రుకలు ఊదినట్టు రాలినాయి.

ఆ పదునుతో మూడొందల బెంగళూరా అంట్లు కట్టినా.

పద్దెనిమిదో రోజుకు కొసలు నల్లబడె.
నూటికి ముప్పై కూడా చిగురెయ్యలా.
చిగురేసినదానికే కూలి మా ఓనరు దగ్గర.
ఎండ మీద పెట్టినా తప్పు,
పుల్లలు కోసుకొచ్చినోడి మీద పెట్టినా,
చుట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద పెట్టినా.

మొగిలప్పతాత ఏమీ అనకుండా
నా కత్తి తీసుకోని ముక్కు కాడ పెట్టుకున్యాడు.
చచ్చిన అంటొకటి కట్టు విప్పి
కోసిన మొహం బొటనవేలితో తుడిచి
ఆ వేలు నా ముక్కుకింద పెట్టినాడు.

కుట్టుమిషను.

"మానుకు అదే గద రా నోరు.
బిడ్డ మూతికి జిడ్డు పూసి
పాలు తాగలేదని కొడతావా?"

ఆయన రాయి నా అరచేతి కన్నా చిన్నది,
నడుమ అరిగి దోసిలి మాదిరి పల్లం.
రేత్రంతా చెంబులో నానతా ఉంటుంది.
పొద్దున ముంచితే బుడగలు రాకూడదు,
వస్తే ఇంకా దప్పిగ్గా ఉండాదని లెక్క.
నూరేటప్పుడు ఊరే బూడిదరంగు గంజిని కడగనియ్యడు.
"కోసేది ఆ బురదేరా, రాయి కాదు."
నీళ్ళు చాలకపోతే ఉమ్మేస్తాడు.

నేనూ నీళ్ళే పోద్దామంటే నా రాయి ఒప్పుకోలా.
చేమాకు మీద మాదిరి దొర్లిపొయ్యె పోసిందంతా.
కుంకుడురసంలో ఉడకబెట్టినా,
వేడి ఇసకలో పూడ్చినా,
పొయ్యిబూడిదతో రెండురోజులు రుద్దినా.
పోయిందనుకున్నప్పుడల్లా
ఎండకు ఒక మరక పైకి తేలి
ఇంకా ఉండానంటుంది.

మిషను నూనె ఎవరు పారబోసినారని
వదిన ఇల్లంతా అడుగుతా ఉండె.
పిల్లి అన్నా.

ఇప్పుడు నా కాడ రెండు రాళ్ళు.
నూనెది కొడవలికి, కొమ్మలు కొట్టే మచ్చుకత్తికి.
నీళ్ళది అంటుకత్తికి.
వాటిని ఒకే గోతాంలో వెయ్యను.

నీళ్ళతో కూడా చిక్కుంది,
తడి ఆరకుండా పెడితే తెల్లారేసరికి
అలుగు మీద తుప్పు పూస్తుంది.
మొగిలప్పది బట్టతల.
పని దిగినాక నన్ను కేకేసి
నా జుట్టుకు అటొకసారి ఇటొకసారి కత్తి రుద్దుకుంటాడు.
మా యమ్మ పెట్టిన నూనె
దానికి ఆ మాత్రం చాలంట రేత్రికి.
పొద్దున్నే మళ్ళీ కుంకుడునురగ,
మళ్ళీ ముక్కు దగ్గర పెట్టి చూసుకునేది.

ఈ ఏడు నూటికి ఎనభైరెండు పట్టినాయి.
ఆ పద్దెనిమిదీ ఎందుకు పోయినాయి తాతా అంటే
పుల్ల చెక్కతా, తలెత్తకుండానే అన్యాడు:

"అన్నిటికీ కత్తిని అడగద్దు."